దాదీల వెండి కల్తీదేనా?

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

మేం మడికొండలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నోళ్లం. ఈ మధ్య కొందరం కలిసి సెలవు దినాల్లో ఒక అవుసలాయన దగ్గర వెండి పని నేర్చుకుంటున్నం. పెద్ద నగలేం చెయ్యలేదు ఇంకా. మూసలో వెండి కరిగించడం, పోసిన కడ్డీని దాగలి మీద సాగగొట్టడం, కమ్మచ్చు రంధ్రాల్లోంచి తీగ లాగడం, ఇంతే. కానీ ఇందులో చెయ్యి పెట్టినంక మన ఇండ్లల్లోని వెండి గురించి ఒక సంగతి తెలిసింది.

తండాల్లో పుట్టినోళ్లకు ఇది కొత్త కాదు. కరువొచ్చినా, కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చినా దాది ఘుగ్రి, టోప్లి, హాస్లి మూటగట్టి టౌనుకు తీస్కపోతరు. దుకాణంల గీకి చూసి "ఇది కల్తీ వెండి" అంటరు, ధర కోస్తరు. దాది ఏం మాట్లాడదు. మా ఇండ్లల్లో కూడా ఇట్లనే జరిగింది. మేం కాలేజీ గడప తొక్కిన డబ్బులో ఆ వెండి ఉంది.

ఇంతకీ అంత వెండి మన పెద్దలకు ఎట్ల వచ్చింది? లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికినోళ్లు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, దారిలో పదివేలు, పన్నెండు వేల ఎద్దుల బిడారులు ఎదురయ్యేవని రాసిండు. మొగలుల సైన్యాలకు తిండి మోసింది ఈ బిడారులే. భూమి లేదు, కట్టిన ఇల్లు లేదు. దాచుకోవాలంటే ఒంటి మీదనే దాచుకోవాలె. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది, 1886లో వరంగల్ దాకా, 1889కల్లా బెజవాడ దాకా పోయింది. మా పక్కనున్న కాజీపేట మీదుగా పోయే లైను ఇదే. ఎద్దుల రవాణా మీద రైలు కొట్టిన దెబ్బ గురించి వేరే పోస్టు రాయొచ్చు. మిగిలింది ఒంటి మీది వెండే.

ఆ నగలకు వెండి ఎక్కువగా రూపాయి నాణేల నుంచే వచ్చింది. నాణేలకు కొక్కెం పెట్టి హారంగా వేసుకున్నరు, లేదంటే అవుసలాయనకిచ్చి కరిగించి చేయించుకున్నరు. మన దిక్కు నడిచింది నిజాం హాలీ సిక్కా. చార్మినార్ బొమ్మతో ముద్రించిన పాత రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. మిగతాది రాగిలాంటి వేరే లోహమే. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. 1940లో దాన్ని కూడా 50 శాతానికి దించిన్రు. ఇరవై హాలీ రూపాయలు కరిగిస్తే దాదాపు 223 గ్రాముల లోహం వస్తది, అసలు వెండి అందులో 183 గ్రాములే. అవుసలాయన ఒక్క చిటికెడు కలపకపోయినా ఆ హాస్లి 82 శాతం దాటదు. కలిపినోళ్లు ఉండరని అనం. టంకం కూడా కొంత దించుతది. కానీ మొదటి కలుపు ప్రభుత్వ టంకశాలలోనే జరిగింది, దాది చేతుల కాదు.

ఇది లెక్క. చేతికి తెలిసింది ఇంకోటి. మేలిమి వెండి చానా మెత్తన. కరీంనగర్ వెండి తీగ పనికి (2007లో జీఐ గుర్తింపు వచ్చింది) అది సరిపోతది, అక్కడ వెంట్రుకలాంటి తీగల్ని మెలిపెట్టి, చదును చేసి, చట్రంలో అల్లుతరు. పాన్‌దాన్, అత్తరుదాన్ లాంటివి దివాణంల బల్ల మీద ఉండే సామాన్లు. మన హాస్లి అట్ల కాదు. నాట్లేసే ఆమె మెడల, కట్టెలు మోసే ఆమె మెడల ఉండాలె. రాగి కలిస్తేనే ఆ గట్టితనం. ఇప్పుడు దుకాణాల్లో గొప్పగా అమ్మే 925 వెండిలో కూడా 7.5 శాతం వేరే లోహమే కదా.

రాగి ఉన్న వెండి పొయ్యిలోంచి తీయంగనే నల్లబడతది. చింతపండు నీళ్లల్ల మరిగించి, కుంకుడుకాయతో రుద్దితే తెల్లబడతది. పండుగకు ముందు మన దాదీలు, నానీలు చేసిన పని అదే. రసాయనశాస్త్రం పుస్తకంలో ఆమ్లం, ఆక్సైడు అని చదివినప్పుడు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. లంబాడీ నగల్ని "లంబాడీలు చేసినవి" అని రాస్తుంటరు. అద్దాల కుట్టుపని మన ఆడోళ్లదే, కౌడీల అల్లిక మనదే. వెండిని మాత్రం ఎక్కువగా చేసింది అవుసలోళ్లు. ఘుగ్రి ఎట్ల వేలాడాలో, ఎంత చప్పుడు కావాలో చెప్పింది మనం, కొట్టింది వాళ్లు. ఆదిలాబాద్‌లో గోండులకు ఇత్తడి పోతపోసే ఓజాలున్నరు, తరతరాల పని. తండాలకు అట్ల సొంత కంసాలులు పెద్దగా లేరు. అందుకే ఇప్పుడు ఘుగ్రి పోతే, తిరిగి చేయించడానికి నమూనా కూడా ఉండదు. మా అవుసలాయన దగ్గర కూడా లేదు, వాళ్ల నాయన చేసేవాడట.

ఇంట్ల ఇంకా ఏదన్నా మిగిలి ఉంటే, అమ్మే ముందు రెండు దిక్కులా ఫొటో తీయండి, గ్రాముల్లో తూకం రాసుకోండి, కొక్కెం, అతుకు దగ్గరి నుంచి కనిపించేటట్టు. ఏ ఊరి అవుసలాయన చేసిండో, ఎన్ని రూపాయలు కరిగించిన్రో దాదినో నానినో అడిగి రాయండి. మాకు ఘుగ్రి కింద వేలాడే ఆ చిన్న గుండ్లు అతికించడం ఇంకా రాదు. వచ్చే నెల దాని మీదనే కూర్చుంటున్నం.