బళ్లారి మజిలీ: తపాలా సంచి నుంచి బోర్డింగ్ పాసు దాకా



బళ్లారి నుంచి హైదరాబాదుకు పోవాలంటే మనకు అలవాటైన దారులు రెండు. ఒకటి గుంతకల్లు మీదుగా రైలు, రెండోది రాత్రంతా కూర్చుని పోయే బస్సు. మూడో దారి ఆకాశంలో ఉందంటే, "అది మనబోటి వాళ్లకు కాదులెండి" అనేవాళ్లే ఇప్పటికీ ఎక్కువ. ఆ మాట అనే ముందు ఒక సంగతి వినండి. ఒక భారతీయ సంస్థ క్రమం తప్పకుండా నడిపిన మొట్టమొదటి విమాన తపాలా దారిలో ఢిల్లీ లేదు, కలకత్తా లేదు, ఆనాటికి హైదరాబాదు కూడా లేదు. మన బళ్లారి ఉంది.

అది 1932 అక్టోబరు 15. బ్రిటన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానంలో వచ్చే ఉత్తరాలు అప్పట్లో కరాచీ చేరేవి. ఆ రోజు ఉదయం జె.ఆర్.డి. టాటా పస్ మాత్ అనే చిన్న విమానంలో తపాలా సంచులు వేసుకుని, కరాచీలో బయలుదేరి, అహ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూ మైదానంలో దిగారు. అక్కడ ఆ సంచులను అందుకున్నవారు నెవిల్ విన్సెంట్. ఆయన బ్రిటిషు వైమానిక దళంలో పనిచేసిన వైమానికుడు, ఈ ప్రయత్నానికి మూలపురుషుల్లో ఒకరు. ఆయన బొంబాయి నుంచి బళ్లారి వచ్చి, రాత్రి ఇక్కడ ఆగి, మరునాడు మద్రాసు చేరారు.

బళ్లారి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. రేడియో సాయం లేదు. రాత్రివేళ దారి చూపే దీపాలు లేవు. కింద కనబడే నది, రైలు పట్టాలు, కొండ గుర్తులు, ఇవే దారి చూపాలి. చీకటి పడితే ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. బొంబాయికీ మద్రాసుకూ నడుమ ఉండటమే మన ఊరికి ఆ గౌరవం తెచ్చింది.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ప్రభుత్వం నుంచి సబ్సిడీ ఏమీ లేకుండానే టాటాలు ఈ పనికి ఒప్పుకున్నారు. మోసిన తపాలా బరువును బట్టి వచ్చే డబ్బే వారికి ఆదాయం. మొదటి సంవత్సరం మొత్తం మీద ఎక్కిన ప్రయాణికులు 155 మంది. ఆ ఎక్కినవారు కూడా తపాలా సంచుల పక్కన సర్దుకుని కూర్చోవలసిందే. అంటే బళ్లారికి విమానం వచ్చింది గాని మనిషి కోసం రాలేదు, ఉత్తరం కోసం వచ్చింది. కొన్నేళ్లకే ఆ దారి బళ్లారిని వదిలి హైదరాబాదు మీదుగా మళ్లింది. ఆ టాటా సంస్థే 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1953లో విమాన సంస్థలు జాతీయమయ్యాయి. అదే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. పొలిమేర గీత పడ్డది గాని రాకపోకలు ఆగలేదు. వియ్యాలు, వ్యాపారాలు, ఆసుపత్రులు, చదువులు, అన్నీ గీతకు ఆ పక్కా ఈ పక్కా సాగుతూనే వచ్చాయి.

మనిషి కోసం విమానం రావడానికి చాలా కాలం పట్టింది. బళ్లారికి పడమరగా, హొసపేట దారిలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన తోరణగల్లు ఉంది. అక్కడి ఉక్కు కర్మాగారం వారు తమ అవసరాల కోసం విద్యానగర్‌లో విమానాశ్రయం కట్టుకున్నారు. కేంద్ర ప్రభుత్వం చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి ఉడాన్ పథకం తెచ్చింది. ఆ పథకం కింద 2017 సెప్టెంబరులో హైదరాబాదుకు చెందిన ట్రూజెట్ సంస్థ విద్యానగర్ నుంచి హైదరాబాదుకూ బెంగళూరుకూ విమానాలు మొదలుపెట్టింది. గంట ప్రయాణానికి అప్పట్లో సుమారు 2,500 రూపాయలు మించని ధర. అయితే ఆ ధర అన్ని సీట్లకూ కాదు, సుమారు సగం సీట్లకే. మిగతావి గిరాకీని బట్టి పెరుగుతాయి. ముందు కొన్నవారికే చౌక అన్నమాట.

ఆ చౌక వెనక ఒక లెక్క ఉంది. తగ్గించిన ధరకు సీట్లు ఇచ్చినందువల్ల వచ్చే లోటును ప్రభుత్వం మూడేళ్లపాటు పూడుస్తుంది. ఆ తరువాత విమానం తన కాళ్ల మీద తాను నిలబడాలి. నడుమ కరోనా వచ్చి ఎక్కేవాళ్లే లేకుండా పోయారు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ విమానాలు అన్నిచోట్లా ఆగిపోయాయి. ఆ తర్వాత ఇతర సంస్థలు ఈ దారి పట్టినా, రోజులూ వేళలూ మారుతూ వచ్చాయి. బళ్లారి దగ్గర చాగనూరు, సిరివార గ్రామాల్లో వేరే విమానాశ్రయం కట్టాలన్న ఆలోచన కూడా జరిగింది. పంట భూములు పోతాయని అక్కడి రైతులు అడ్డుచెప్పారు. ఎక్కేవాడి తొందర ఒకటి, నేల పోగొట్టుకునేవాడి బాధ ఒకటి. రెండూ మన ఇళ్లలోవే.

ఇక మీరు మొదటిసారి ఇలాంటి చిన్న విమానాశ్రయానికి వెళుతున్నారనుకోండి. మొదటి పని, ఆ రోజు విమానం ఉందో లేదో బయలుదేరే ముందే కనుక్కోవడం. ఒకటి తప్పితే వెంటనే ఇంకొకటి ఉంటుందనుకోవడానికి ఇది బస్టాండు కాదు. దిగాక ఊళ్లోకి పోయే బండిని కూడా ముందే మాట్లాడుకోండి.

వాకిలి దగ్గరే టికెట్టూ, ఫోటో ఉన్న గుర్తింపు కార్డూ చూస్తారు. రెండింటిలోనూ పేరు ఒకే తీరుగా ఉండాలి. మన ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా రాయడం మామూలే కాబట్టి, టికెట్టు కొనేటప్పుడే కార్డు పక్కన పెట్టుకోండి. లోపల కౌంటరులో పెద్ద సామాను అప్పగించి బోర్డింగ్ పాసు తీసుకోవాలి. విమానం కదిలే వేళకు చాలా ముందే ఆ కౌంటరు మూస్తారు. ఆ గడువు టికెట్టు మీదే ఉంటుంది, చూసుకోండి. ఎంత బరువు వరకు ఉచితమో కూడా అక్కడే రాసి ఉంటుంది. మించితే డబ్బు కట్టాలి, కనుక ఇంట్లోనే తూచుకోవడం మేలు.

కత్తి, కత్తెర చేతిసంచిలో ఉండరాదు. అగ్గిపెట్టె ఎందులోనూ వద్దు. సెల్‌ఫోనుకు కరెంటెక్కించే పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద సామానులో పెట్టరాదు. ఎండుకొబ్బరి సంగతి చాలామందికి తెలియదు. దానిలో నూనె ఎక్కువ, వేడెక్కి అంటుకునే గుణం ఉంది. అందుకే పెద్ద సామానులో దాన్ని నిషేధించారు. అమ్మాయి ఇంటికని మూట కట్టి, చివరికి కౌంటరు దగ్గర వదిలిరావడం ఎంత కష్టం!

తనిఖీ అయ్యాక ఉండేది ఒక హాలు, కొన్ని కుర్చీలు. పెద్ద విమానాశ్రయాల్లో మాదిరి నేరుగా విమానంలోకి చేర్చే వంతెన ఉండదు. సిబ్బంది చూపించిన గీత వెంట ఎండలో నడిచి, మెట్లెక్కాలి. ఇలాంటి దారుల్లో తిరిగే ఏ.టి.ఆర్. 72 విమానానికి వెనకవైపు తలుపే ప్రయాణికులది. రెక్కల కింద తిరిగే పంకాల వైపు పోకండి. ఏదైనా తెలియకపోతే అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. చదువు రాని పెద్దవాళ్లు వెంట ఉంటే ముందే సిబ్బందికి చెప్పండి, దగ్గరుండి ఎక్కిస్తారు.

1932లో మన ఊళ్లో రాత్రి ఆగిన ఆ సంచిలో ఉత్తరాలు ఉన్నాయి, వాటిని రాసిన మనుషులు లేరు. విమానం మోసినది తపాలాను. ఈనాడు అదే ఆకాశంలో మనమే పోగలుగుతున్నాం. కాని ఉత్తరాల బరువు చాలక ఆగిన దారులూ ఉన్నాయి, సీట్లు నిండక ఆగిన దారులూ ఉన్నాయి. ఎక్కేవాళ్లు ఉన్నన్నాళ్లే దారి ఉంటుంది. ఇది మనబోటి వాళ్లకు కాదని మనమే తప్పుకుంటే, బళ్లారి మళ్లీ పైనుంచి కనబడే ఒక గుట్టగానే మిగిలిపోతుంది.