పదముల పొత్తు

ఏ భాష యందైనను పదములు వ్యాకరణ సూత్రములకు మాత్రమే కట్టువడి యుండవు. తరతరముల వాడుకవలన కొన్నిటికి కొన్నిటితోడనే పొత్తు కుదురును. కారుచీకటి, గాఢనిద్ర, కుండపోత వాన యని తెలుగువారు పలుకుదురుగాని, కారునిద్ర యనియు గాఢవాన యనియు పసిబిడ్డయైనను పలుకదు. ఉగ్గుపాలతో నబ్బిన యీ వివేకమును గూర్చి విచారింపవలసిన యవసరము మాతృభాషలో సాధారణముగ కలుగదు. కావుననే, ఆంగ్లమునందలి పదసాహచర్యము శాస్త్రవిషయమై నిఘంటువుల కెక్కిన చరిత్రను పరిశీలించినచో, దానికి ముఖ్యప్రేరణ ఆ భాషను శ్రమించి నేర్చు పరదేశీయుల కష్టమునుండియే వచ్చినట్లు స్పష్టమగును.

1755లో మహానిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, క్రియాపదములకు చిన్న యవ్యయములు చేరి యర్థమును మార్చివేయు రీతిని పీఠికయందే ప్రస్తావించి, పరదేశీయులకు మిక్కిలి క్లేశకరమైనది యిదియే యని గుర్తించెను. ‘బ్రేక్’ అనగా విఱుచుట యని నేర్చినవాడు, దానికి ‘ఔట్’ చేరినంతనే వ్యాధి ప్రబలుటయు, యుద్ధము చెలరేగుటయు నర్థమగునని యెట్లూహింపగలడు?

ఇట్టి పొత్తులను సేకరించి వర్గీకరించు గొప్ప ప్రయత్న మొకటి ఇరువదవ శతాబ్దిలో, లండనున గాక టోక్యోలో సాగెను. 1922లో జపాను విద్యాశాఖ యాహ్వానమున నటకేగిన హెరాల్డ్ పామర్, మఱుసటి యేడు ఆంగ్లబోధనా పరిశోధన సంస్థను నెలకొల్పి, ముక్కముక్కలుగ కూర్చుకొనుటకు వీలుకాక, ఏకఖండముగ నేర్వదగిన పదబంధములపై దృష్టి నిలిపెను. క్యూషూ ద్వీపమున నుపాధ్యాయుడైయుండి పిమ్మట నాయనతో గలిసిన ఎ. ఎస్. హార్న్‌బీ తోడ్పాటుతో సిద్ధమైన నివేదిక 1933లో వెలువడెను. ఆ కృషి ఫలముగ హార్న్‌బీ సహచరులతో గూర్చిన నిఘంటువు, జపానుకును బ్రిటనుకును యుద్ధము సాగుచుండగనే, 1942లో టోక్యోలో నచ్చుపడి, 1948లో ఆక్స్‌ఫర్డువారిచే పునర్ముద్రితమై, విద్యార్థిలోకమున విశేషవ్యాప్తి నందెను.

ఈ భావమునకు సిద్ధాంతరూపము నొసగిన జె. ఆర్. ఫర్త్, 1928 వఱకు లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యుడుగ నుండి, పిదప గుజరాతీతోబాటు మన తెలుగును గూడ పరిశీలించినవాడు. పదము యొక్క యర్థములో దాని సహచరపదములకును భాగము కలదని 1951లో ప్రతిపాదించుచు, ‘నైట్’ అను పదమునకు ‘డార్క్’ తోడి చెలిమిని ఆయన ఉదాహరించెను. ఆయన మార్గమున నడచిన జాన్ సింక్లేర్ బర్మింగ్‌హామ్‌లో యంత్రగణన సాయమున నసంఖ్యాక వాక్యములను శోధింపజేసి 1987లో నొక నిఘంటువును వెలయించుటతో, ఊహకంటె వాడుకయే ప్రమాణమయ్యెను.

ఇక మన విద్యార్థుల సంగతి. తెలుగున నిర్ణయము చేసెను, నేరము చేసెను, ఇంటిపని చేసెను అని యన్నిటికి నొక్క ‘చేయు’ ధాతువే చాలును. ఆంగ్లమున డిసిషన్‌కు ‘మేక్’, క్రైమ్‌కు ‘కమిట్’, హోంవర్కుకు ‘డూ’ కావలెను. వాన ‘హెవీ’ యగును, గాలియు తేనీరును ‘స్ట్రాంగ్’ అగును. ‘షి డిడ్ ఎ డిసిషన్’ అని వ్రాసిన మన బాలిక మందమతి కాదు. తన భాష నేర్పిన న్యాయమును పరభాషకు వర్తింపజేసినది. ‘షి మేడ్ ఎ డిసిషన్’ అను వాక్యమును నిండుగ వినిపించి, పలుమార్లు పలికించినగాని, ఆ పొత్తు ఆమె నాలుకపై నిలువదు. 1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్లసంస్థ వెలసినది ఉపాధ్యాయులకు బోధనావిధానములలో తరిఫీదు నిచ్చుటకే గదా! నేర్చువాని తడబాటును శ్రద్ధతో పరిశీలించిన గురువులవలననే యీ విద్య యింతగా వృద్ధినొందినది. కావున ఒంటిపదముల పట్టికలు వల్లెవేయించి, తప్పులకు దండించు పద్ధతిని మన పాఠశాలలు ఇకనైనను విడువవలయును.