డాల్డా డబ్బాలో పుట్టింటి మట్టి

మొన్న అటక దులుపుతుంటే అమ్మ డాల్డా డబ్బా దొరికింది. పసుపు రంగు సగం పోయింది. ఆకుపచ్చ చెట్టు బొమ్మ ఆనవాలుగా మిగిలింది. అడుగున మేకుతో కొట్టిన అయిదు చిల్లులు ఉన్నాయి. ఆ చిల్లులు చూడగానే అది ఏ డబ్బానో గుర్తొచ్చింది. దాని సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పాత్రలో మట్టి పోసి విత్తనం మొలిపించడం మనకు కొత్తేం కాదు. పెళ్లిళ్లలో అంకురార్పణ చూస్తూనే ఉంటాం కదా! పాలికల్లో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లుతారు. తర్వాత ఆ మొలకల్ని కాలవలోనో నదిలోనో కలిపేస్తారు. దాదాపు రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందట గ్రీసులోని ఏథెన్సు నగరంలో ఆడవాళ్లూ ఇలాంటిదే చేసేవారు. ఆడోనిస్ అనే దేవుడి పండగకి పగిలిన కుండల్లో సోంపు, ఆకుకూరలు మొలిపించి ఇంటి కప్పు మీదికి ఎక్కించేవారు. వాడిపోయాక నీళ్లలో కలిపేవారు. ఆ ఊళ్లో అప్పట్లో భూమి మగవాళ్లదే. ఆడవాళ్లకి మిగిలింది పగిలిన కుండ.

ఇక మన డెల్టా. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్లు వచ్చాక మన వైపు ఎటు చూసినా వరే. కూరగాయలకి మిగిలింది పొలం గట్టూ, ఇంటి వెనక దొడ్డీ. పొలం పట్టా మగవాళ్ల పేరు మీద ఉండేది, దొడ్డి ఆడవాళ్ల చేతి కింద ఉండేది. వంగ, బెండ, ఆనప పాదు, పెరుగు తోటకూర అన్నీ అక్కడే. అన్నదమ్ములు పంచుకునేకొద్దీ దొడ్డి చిక్కిపోయింది. మొక్కలు డబ్బాల్లోకి ఎక్కాయి.

ముందు నాలుగు గాలన్ల కిరసనాయిలు డబ్బా. నిలువునా కోస్తే రెండు తొట్లయ్యేవి. 1937లో డాల్డా వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్లలోకీ, పెళ్లి వంటల్లోకీ చేరింది. ఖాళీ అయిన డబ్బా ఎవరూ పారేసేవారు కాదు. ఒకదాంట్లో తులసి, ఇంకోదాంట్లో మరువం, మరోదాంట్లో పుదీనా.

మా అమ్మది పామిడిముక్కల. 1977 మొదట్లో పెళ్లయి నాగాయలంక దగ్గరికి కాపరానికి వెళ్లింది. ఆ ఏడే నవంబరు 19న దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు. మావాళ్లది డాబా కాబట్టి ప్రాణాలు దక్కాయి. సముద్రపు నీళ్లు తీశాక దొడ్డిలో ఏ ఆకుకూర వేసినా మొలకెత్తలేదట. చూడటానికి వచ్చిన తాతయ్య, మళ్లీ వచ్చేటప్పుడు బియ్యంతో పాటు గోనెసంచిలో తన పొలం మట్టి తెచ్చాడు. అమ్మ దాన్ని ఈ డబ్బాలో పోసి పుదీనా కాడలు గుచ్చింది. "ఆ ఊళ్లో మళ్లీ పచ్చగా కనబడిన మొదటిది నా పుదీనాయే" అని చెప్పుకునేది.

నేను చాలాకాలం దాన్ని ముచ్చటగానే విన్నాను. తర్వాత తెలిసింది. పక్కనే నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1985లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకీ సమాన వాటా చట్టం వచ్చింది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టం మార్చేసరికి తాతయ్యా లేడు, పొలాలూ పంచేసుకున్నారు. అంటే పుట్టింటి పొలంలో అమ్మకి దక్కింది ఆ డబ్బాడు మట్టి.

మరి నేను? చట్టం నాకు వర్తిస్తుంది. అయినా తమ్ముడు కాగితాలు తెస్తే సంతకం పెట్టేశాను. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని భయం. వాడు అడగకముందే ఇచ్చేసి మంచి అక్కయ్యననిపించుకున్నాను.

ఇప్పుడు మాకు దొడ్డి లేదు, డాబా ఉంది. రంగుల బకెట్లు, నూనె క్యాన్లు, రొయ్యల ఐసు పెట్టుకునే థర్మోకోల్ పెట్టెలు. మన వైపు చెరువులు పెరిగాక ఆ పెట్టెలకి కరువేముంది! కడిగి, ఎండబెట్టి, అడుగున చిల్లులు పెట్టి, మట్టీ మాగిన పశువుల ఎరువూ కలిపి పోస్తే కొత్తిమీర, మెంతికూర బాగా వస్తాయి. రేకు డబ్బాలా ఎండకి మట్టి కాలిపోదు. హైదరాబాదులో కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దెతోట మీద పుస్తకమే రాశారు.

మా అమ్మాయికి ఈ కథ చెప్పాను. అంతా విని, "అయితే నా వాటా నాకు డబ్బాలో ఇవ్వకమ్మా" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి ఆయనతో ఈ మాట ఎత్తాను. మొదటిసారి.

అమ్మ డబ్బా తుప్పు గీకి మళ్లీ పుదీనా నాటాను. మీ అమ్మగారు ఏ డబ్బాలో ఏం పెంచేవారో అడిగి చూడండి. ఆ మట్టి ఎక్కడిదో కూడా అడగండి.