రక్తవిరేచనాల చరిత్ర: మందులూ, మంచినీళ్ళూ

వైద్యచరిత్రను చాలామంది మహాపురుషుల చరిత్రగానే రాస్తూ వచ్చారు. ఒకరు క్రిమిని కనిపెట్టారు, మరొకరు మందు కనిపెట్టారు, జబ్బు పారిపోయింది! నేను సాహిత్యపాఠాలు చెప్పుకొనేవాణ్ణి. అయినా రాజుల కథలే చరిత్ర అంటే ఒప్పుకోని మనం ఈ కథనుమాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? రక్తవిరేచనాల సంగతే చూద్దాం.

1897లో జపానులో ఈ వ్యాధి 90,000 మందికి పైగా సోకింది. అయిదింట ఒక వంతుకు మించి చనిపోయారు. షిగా కియోషి దీనికి మూలమైన బాక్టీరియాను గుర్తించింది అప్పుడే. అతని పేరుమీదనే దాన్ని షిగెల్లా అంటున్నారు. రెండవ ప్రపంచయుద్ధం తరవాత అక్కడ సల్ఫా మందులు విరివిగా వాడారు. కొద్ది సంవత్సరాలలోనే షిగెల్లా చాలావరకు వాటికి లొంగటం మానేసింది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ రంగంలోకి దిగాయి. 1950ల మధ్యకాలానికి ఈ నాలుగింటికీ లొంగని షిగెల్లా కనిపించింది.

నాలుగు మార్పులు విడివిడిగా, యాదృచ్ఛికంగా ఒకే క్రిమిలో వచ్చిపడటం నమ్మదగినది కాదు. జపాను శాస్త్రజ్ఞులు రోగుల పేగుల్లోనే జవాబు వెతికారు. అదే రోగిలో, సాధారణంగా హాని చేయని ఇ.కోలై కూడా ఆ నాలుగు మందులకే లొంగటంలేదు! ఒచియాయ్, అకిబా 1959లో అసలు సంగతి బయటపెట్టారు: ఈ శక్తి ఒక జాతి బాక్టీరియా నుంచి వేరొక జాతికి అంటుకుంటుంది. తండ్రి ఆస్తి కొడుక్కి వచ్చినట్టు కాదు, పొరుగింటి నిప్పు అరువు తెచ్చుకున్నట్టు. 1963లో వతనబె ఇంగ్లీషులో సమగ్రంగా రాసిన తరవాతగాని పడమటివారు దీన్ని అంతగా పట్టించుకోలేదు.

పట్టించుకొని చేసిందేమిటి? 1969లో గ్వాటెమాలాలో రక్తవిరేచనాలు చెలరేగాయి. అమీబావల్ల వచ్చినవని మొదట పొరబడ్డారు. తీరా చూస్తే షిగెల్లా; లొంగనిది సరిగ్గా ఆ నాలుగు మందులకే. 1973 నాటికి మధ్య అమెరికాలో 5 లక్షలమందికి పైగా జబ్బుపడ్డారు, 20,000 మంది చనిపోయారు.

దీన్ని సూక్ష్మజీవి తెలివితేటలుగా వర్ణించేవారితో నేను ఏకీభవించలేను. షిగెల్లా నూరు కణాలు, ఒక్కొక్కప్పుడు పదే, కడుపులోకి పోతే చాలు. చేతులు కడుక్కోను నీళ్ళులేని ఇంట్లో అదెంత పని? మాత్రలు పంచటం పాలకులకు తేలిక. మురుగుకాలవ తవ్వించటం, మంచినీళ్ళ గొట్టం వేయించటం ఖర్చు. ఆ ఖర్చు తప్పించుకున్నచోటనే మందు మీద భారమంతా పడింది.

ఇది దూరదేశాల మాట అనుకోనక్కరలేదు. 1984లో పశ్చిమ బెంగాల్‌లో ఇలాంటి మొండి షిగెల్లాయే విజృంభించింది. అప్పుడు నాలిడిక్సిక్ ఆసిడ్ ఆదుకుంది. 2002లో మళ్ళీ వచ్చినప్పుడు అదీ, తరవాతి తరం మందు సిప్రోఫ్లాక్సాసిన్ కూడా పనిచేయలేదు.