అలయన్స్ ఎయిర్ ఎవరిది? ఒక్క మార్కు ప్రశ్న వెనక నలభై ఏళ్ల కథ

మొన్న అశోక్‌నగర్‌లో చాయ్ తాగుతుంటే, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముడొకడు మాక్ టెస్ట్ పేపర్ పట్టుకొచ్చాడు. "అన్నా, ఎయిరిండియా టాటాలకి పోయింది కదా. మరి అలయన్స్ ఎయిర్ కూడా టాటాలదే అని పెడితే నెగెటివ్ మార్కెందుకు పడింది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇవాళ అదే చూద్దాం.

చిక్కడపల్లి సందుల్లోంచి షేర్ ఆటో ఎక్కి నారాయణగూడ మెట్రో స్టేషన్ దగ్గర దిగుతాం కదా? ఆటో లేకపోతే మెట్రోకి కొంతమంది తగ్గుతారు. చిన్న విమాన సంస్థ పనీ అంతే. చిన్న ఊళ్ల జనాన్ని పెద్ద విమానం దగ్గరికి చేర్చడం. అమెరికాలో స్కైవెస్ట్ ఇలాగే యునైటెడ్, డెల్టా లాంటి కంపెనీల పేరుతో ఎగురుతుంది. విమానం ఒకరిది, టికెట్ మీద పేరు ఇంకొకరిది.

మన దగ్గర ఇది 1981లో వాయుదూత్‌తో మొదలైంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిరిండియా కలిసి పెట్టాయి. ముందు ఈశాన్య రాష్ట్రాల కోసం, తర్వాత దేశంలోని చిన్న ఊళ్లకి. డోర్నియర్ 228లో 19 సీట్లే. నష్టాలు పెరిగి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

1996లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ అనుబంధ సంస్థగా అలయన్స్ ఎయిర్ వచ్చింది. 2007 విలీనంతో ఎయిరిండియా గూటికి చేరింది. చిన్న రన్‌వేలకి సరిపడే, ఇంధనం తక్కువ తాగే ఏటీఆర్ విమానాలతో హైదరాబాద్ నుంచి విజయవాడ, తిరుపతి, కొల్హాపూర్ లాంటి ఊళ్లకి తిరిగింది. టికెట్ మీద మాత్రం ఎయిరిండియా నంబరే!

2022 జనవరి 27న ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లింది. అలయన్స్ ఎయిర్ మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. ఏప్రిల్ 15 నుంచి సొంత కోడ్ 9ఐతో ఎగరడం మొదలుపెట్టింది. అన్నేళ్లు అరువు పేరు మీద బతికిన సంస్థ తన పేరు తానే చెప్పుకోవాల్సి వచ్చింది. తమ్ముడి మార్కు పోయింది ఇక్కడే.

అయితే అసలు పాఠం వేరే ఉంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజు సిమ్లా–ఢిల్లీ విమానం అలయన్స్ ఎయిర్‌ది. అదే రోజు కడప–హైదరాబాద్ విమానం మన ట్రూజెట్‌ది. ట్రూజెట్ వెనక ప్రభుత్వం లేదు. 2022లో ఆగిపోయింది. అలయన్స్ వెనక ప్రభుత్వం ఉంది, ఇంకా ఎగురుతోంది.

మీ హాస్టల్ రూమ్మేట్‌కి ఇంటి నుంచి అర్జెంట్ ఫోన్ వచ్చిందనుకోండి. కడపకి విమానముంటే గంట, లేకపోతే రాత్రంతా బస్సు. చిన్న ఊరి రూటు టికెట్ డబ్బుల మీదే నిలబడదు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. వెనక ఎవరో ఒకరు భారం మోయాలి. ఎవరు మోయాలన్నది రేపు ఆఫీసర్లయ్యాక మీరు తేల్చాల్సిన ప్రశ్న. దానికి నాలుగు ఆప్షన్లుండవు!