వెంబడి పడవ

మన దెగ్లూరు సముద్రానికి చాలా దూరం. మన లెండి నది మంజీరలో కలిసి, మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, ఆ గోదావరి వందల మైళ్లు నడచి కాని కడలి చేరదు. అయినను ఈ ఉగాది సంచికలో ఒక సముద్రపు కథను పాఠకుల ముందుంచదలచినాము. ఇది హవాయి దీవుల పడవ పందెం చరిత్ర. గెలిచిన పడవలకంటె వాటి వెంట నడచిన పడవలను గురించియే ఇందులో ఎక్కువగా చెప్పదలచినాము.

ఆ దీవులవారు కోవా అనే చెట్టు మానును తొలిచి పడవ చేసేవారు. అది మన దోనె వంటిదే. కాని సన్నగా, చాల పొడవుగా ఉంటుంది. ఒంటిగా వదలితే కెరటానికి బోర్లపడుతుంది. అందుచేత ఎడమప్రక్కగా కొంత ఎడంలో ఒక తేలిక కొయ్యను ఉంచి, రెండు వంపు కర్రలతో పడవకు బిగిస్తారు. ఆ కొయ్య పేరు అమా. సింహళంలోని ఒరువ అనే పడవ కూడ ఈ తీరుదే. మన కోస్తా జాలరుల తెప్ప వేరు. అది దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టినది. అట్టి తెప్పకు తమిళులు పెట్టిన కట్టుమరం అనే పేరే ఇంగ్లీషులో కటమరాన్ అయినది.

1820లో క్రైస్తవ మిషనరీలు హవాయికి వచ్చిన పిమ్మట, మారిన కాలంలో, పాత ఆటలు, పడవ పందెములు వెనుకబడినవి. 1898లో ఆ దీవులు అమెరికా వశమైనవి. 1908లో వైకీకీ తీరాన ఒక పడవల క్లబ్బు వెలసి పాత విద్యకు కొంత ఊపిరి పోసినది. అయినను ఒడ్డు విడచి నడిసముద్రంలో పందెం వేయుట ప్రమాదమని పలువురు వెనుకాడినారు. టూట్స్ మిన్‌విల్ అనే ఆయన పట్టు విడువక ప్రయత్నించగా, 1952 అక్టోబరులో మొలొకాయి దీవినుండి ఒవాహు దీవికి మొదటి పందెం జరిగినది. బయలుదేరినవి మూడే పడవలు. మొలొకాయి జట్టు సుమారు తొమ్మిది గంటలు తెడ్డు వేసి గెలిచినది. ఆడవారికి ఇదే సముద్రంలో ప్రత్యేక పందెం 1979లో గాని రాలేదు.

పందెపు దూరం సుమారు 41 మైళ్లు. పడవలో ఆరుగురే కూర్చుంటారు. ఆరవవాడు వెనుక చుక్కాని పడతాడు. తరువాతి కాలంలో జట్టుకు తొమ్మండుగురు అనే పద్ధతి స్థిరపడినది. మిగిలిన ముగ్గురు వెంబడి లాంచీలో వస్తారు. మార్పు వేళకు లాంచీ ముందుకు పోయి వారిని సముద్రంలో దింపుతుంది. వారు వరుసగా నీటిలో తేలుతూ ఎదురుచూస్తారు. పడవ వచ్చేసరికి అలసినవారు ఒక ప్రక్కకు దూకుతారు, క్రొత్తవారు రెండవ ప్రక్కనుండి ఎగబ్రాకుతారు. పడవ ఆగదు. దూకినవారిని లాంచీ ఏరుకొంటుంది. లాంచీ కోసిన కెరటంమీద పడవ జారి లాభం పొందరాదని నియమం. అందుచేత సరంగు ఎడం పాటించాలి. మరీ దూరమైతే ఆపదలో అందడు. చేరువ, దూరం రెండూ తూచి నడుపుటే అతని పని.

రైల్వే కొలువులో ఉన్న మాకు ఇది చదివినపుడు బండి చివర గార్డు గుర్తుకు వచ్చినాడు. 2022నుండి ఆయనను ట్రైన్ మేనేజరు అంటున్నారు. బండిని లాగేది ఆయన కాదు. కాని నడిదారిలో బండి నిలిచిపోతే వెనుకకు నడిచి, పట్టాలపై పటాసులు పెట్టి, రాబోయే బండిని ఆపవలసినవాడు ఆయనే.

వెంబడి పడవ లేకున్న ఏమగునో ఆ దీవులవారు 1978లో చూచినారు. హోకూలేఅ అనేది పూర్వపు పద్ధతిని కట్టిన జోడు పడవ. ఆ పేరు మన పంచాంగంలోని స్వాతి నక్షత్రానిదే. 1976లో అది యంత్రం లేక, దిక్సూచి లేక, చుక్కలను చూచుకొనుచు తాహితి చేరినది. అపుడు మెయోతాయి అనే ఓడ దాని వెంట నడచినది. 1978 మార్చి 16న మరల బయలుదేరినపుడు వెంట ఏ ఓడయు లేదు. ఆ రాత్రియే గాలివానకు మొలొకాయి దగ్గర తలక్రిందులైనది. మరునాడు ఎడ్డీ ఐకావు అనే యువకుడు సహాయం తెత్తునని అలలపై తేలే పలకనెక్కి పోయినాడు. తక్కినవారిని ఒక విమానంవారు చూచి కబురందింపగా రక్షించినారు. ఎడ్డీ మాత్రం దొరకలేదు. 1980లో హోకూలేఅ మరల తాహితికి వెళ్లివచ్చినది. ఈసారి ఇష్కా అనే ఓడ వెంట ఉన్నది. దారి చూచుకొన్నది మాత్రం నైనోవా థాంప్సన్ అనే హవాయి యువకుడే.

1956 నవంబరు 1న నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రంలో, 1960 మే 1న మహారాష్ట్రలో భాగమైనది. మన పిల్లలు ఇక్కడి బడిలో మరాఠీ చదివి, ఇక్కడి జీవితంలో ముందుకు పోవలసినవారే. వారి తెడ్డు మనము వేయలేము, వేయరాదు. తాత పేరు చెప్పమన్న రాత్రి, అమ్మమ్మకు ఉత్తరం వ్రాయబోయి తెలుగు అక్షరం మరచిన పూట, మనము చేరువలో ఉండవలెను. ఈ ఉగాదినాడు కోరుకొనదగినది అంతకంటె లేదని మా తలంపు. అందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.