తీరపురముల దర్శనయాత్ర: ఆలంపురము మొదలు సోమశిల వరకు

తీరపట్టణములనగానే మనకు మచిలీపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము వంటి సముద్రతీర నగరములు స్ఫురించుట సహజము. పాతకోటలు, దీపస్తంభములు, పరదేశి వర్తకుల సమాధులు అక్కడి దర్శనీయములు. కాని తెలుగున తీరమను మాట సముద్రమునకు ఎంత చెల్లునో నదికిని అంతే చెల్లును. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలకు సముద్రము లేదు; తీరము మాత్రము పుష్కలముగా కలదు. 2016 అక్టోబరు వరకు మహబూబునగరు జిల్లాలో ఉండి, పిదప మూడు జిల్లాలుగా ఏర్పడిన ఈ ప్రాంతపు చరిత్రలో అధికభాగము కృష్ణా తుంగభద్రల గట్టుల మీదనే నడచినది. ఇచటికి ఒక దినపు ప్రయాణముగా వచ్చి, చూపువాడు చూపినది చూచి మరలిపోవు ఆచారము ఎట్లు ఏర్పడినది, చూపువారెవరు, వారు చూపుచున్నదేమి అను విషయమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

యాత్రికునకు తొలి మార్గదర్శి తీర్థపురోహితుడు. నదిలో మునుగబోవువానిచేత అతడు సంకల్పము చెప్పించును. అందు దేశకాలములు రెండును వచ్చును. తెలుగుసీమ పురోహితుడు శ్రీశైలమును కేంద్రముగా పెట్టుకొని, తానున్న చోటు దానికి ఏ దిక్కున ఉన్నదో, ఏ నదుల నడుమ ఉన్నదో చెప్పి, పిదప సంవత్సర తిథివారములను చెప్పును. దీనిని కేవలము కర్మకాండయని త్రోసివేయుట తగదు. పటములు సామాన్యుని చేతికి రాని కాలమున తాను నిలిచిన చోటు లోకమున ఎక్కడ ఉన్నదో అతనికి తెలిపినది ఈ వాక్యమే. శ్రీశైలమునకు నాలుగు ద్వారములు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట ఆలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. వీనిలో రెండు మన సీమలోనివే. కనుక ఈ ప్రాంతము చిరకాలము యాత్రికునకు గమ్యముగా కంటె దారిగానే ఎక్కువ పరిచితము. బృహస్పతి కన్యారాశిని చేరినపుడు కృష్ణకును, మకరమును చేరినపుడు తుంగభద్రకును పుష్కరము వచ్చును. 2016 ఆగస్టునను, 2020 నవంబరునను అట్లే వచ్చినవి. రెండు నదుల చెంత నున్న ఆలంపురమునకు పండ్రెండేండ్లలో రెండుమారులు జనసమ్మర్దము తప్పదు.

సామూహిక విహారయాత్రల చరిత్ర వ్రాయువారు 1841 జూలై 5న థామస్ కుక్ అను ఆంగ్లేయుడు లెస్టరు నుండి లఫ్‌బరోకు సుమారు 500 మందిని రైలులో తీసికొనిపోయిన దినమును ఆరంభముగా పేర్కొందురు. వ్యాపారదృష్టితో చూచినచో అది సరియే కావచ్చును. కాని అంతకు పదకొండేండ్లకు పూర్వమే, చెన్నపట్నపు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారముతో కాశీకి బయలుదేరి, ఈ సీమమీదుగనే హైదరాబాదు చేరెను. ఆయన 1830 మే 18న పయనమై 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చెను. శ్రీశైలదర్శనము చేసికొని, నివృత్తిసంగమము వద్ద కృష్ణ దాటి, పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి మార్గమున సాగిపోయెను. దారి ఎట్టిది, దిగుటకు వసతి కలదా, నీరు మంచిదా, సరకులు దొరకునా అను వివరములను ఆయన మజిలీ మజిలీకి వ్రాసి పెట్టెను. తరువాత రాబోవు బాటసారికి పనికివచ్చునను ఎరుక ఆ వ్రాతయందు స్పష్టము. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రను మనవారు తొలి యాత్రాగ్రంథమని మెచ్చుకొందురు గాని, మార్గదర్శిని అను దృష్టితో దానిని పరిశీలించినవారు తక్కువ. వీరాస్వామయ్య కృష్ణ దాటిన ఆ రేవు నేడు శ్రీశైల జలాశయ గర్భమున ఉన్నది. ఈ సంగతి మన విషయమునకు ముఖ్యము. ముందు మరల ప్రస్తావింతును.

ఇక ఆలంపురము. తుంగభద్ర ఎడమగట్టున, కృష్ణతో ఆ నది కలియు చోటికి కొలది దూరమున ఈ ఊరు వెలసినది. బాదామి చాళుక్యుల కాలమున, 7, 8 శతాబ్దులలో ఇచట నిర్మితమైన తొమ్మిది ఆలయములను నవబ్రహ్మాలయములందురు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని వాని పేర్లు. పేరు బ్రహ్మది, లోపలి దైవము శివుడు. వచ్చిన ప్రతివాడును మొదట అడుగు ప్రశ్న ఇదియే. అర్చకుడు దీనికి స్థలపురాణము చెప్పును. రససిద్ధుడను వాడు పాదరసమును స్వర్ణముగా మార్చు విద్య సాధించి ఈ గుడులు కట్టించెనని ఆ కథ. కథ రసవంతముగానే ఉన్నది, చెప్పనిండు. కాని గోడమీది శాసనము చెప్పునది వేరొక సంగతి. స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని కాలమున, అనగా 681, 696 సంవత్సరముల నడుమ, లోకాదిత్య ఎళ అరసు కట్టించినదని అచటి శాసనమువలన తెలియుచున్నది. విజయాదిత్యుని ఆజ్ఞచే ఈశానాచార్యుడు ప్రాకారబంధము చేయించినట్లు 713 నాటి శాసనము చెప్పును. తొమ్మిదింటిలో తారకబ్రహ్మ ఒక్కటే దాక్షిణాత్య విమానరీతి. తక్కినవానికి ఆమలకము ధరించిన రేఖానాగర శిఖరములు. ఉత్తరాది శిఖరము తుంగభద్ర గట్టున ఇన్ని గుడులపై ఎట్లు నిలిచినది అను ప్రశ్న రససిద్ధుని కథకంటె తక్కువ అద్భుతమైనది కాదు. దర్శకుడు రెండును చెప్పవలెను. ఒకటి చెప్పి రెండవది దాచుట తగదు.

ఈ రెండవ విధమైన కథనము ఒక్కనాట పుట్టలేదు. 1914లో ఏర్పడి, గులాం యజ్దానీ నిర్వహణమున పనిచేసిన నిజాం రాష్ట్ర పురావస్తుశాఖ ఈ గుడులను పండితలోకమునకు పరిచయము చేసినది. అయినను ఊరిలోనే ఉండి, శాసనములను చదివి, వచ్చినవారికి విసుగులేక వివరించినవారు గడియారము రామకృష్ణశర్మ. వారు 1919లో జన్మించి 2006లో కీర్తిశేషులైరి. వారి ఆత్మకథ శతపత్రమునకు మరణానంతరము సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 1952లో ఆలంపురమున ప్రదర్శనశాల వెలసినది. మరుసటియేట ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అక్కడ జరుగుటతో తెలుగు రచయితలు తండోపతండములుగా ఆ ఊరు చేరిరి. కాళోజీ నా గొడవ ఆవిష్కృతమైనది ఆ సభలలోనే. సాహిత్యసభకు వచ్చి శిల్పమును చూచిపోయిన ఆ జనమే ఆలంపురమును యాత్రాస్థలము నుండి దర్శనీయస్థలముగా మార్చినదని నా అభిప్రాయము. తుదకు తొలి మార్గదర్శి పురోహితుడైనచో, రెండవవాడు శాసనములు చదువు పండితుడు.

మూడవవాని కాలమునకు భూమియే మారిపోయినది. శ్రీశైలము ప్రాజెక్టునకు 1963లో శంకుస్థాపన జరిగినది. 1980 దశకపు ఆరంభమున జలాశయము నిండసాగినది. పూర్ణ జలమట్టము 885 అడుగులు. ఆ నీరు ఆలంపురము దాపువరకు ఎగదట్టును. ఊరిని కాపాడుటకు నదివైపు పెద్దకట్ట కట్టిరి. నేడు ఆలంపురము వెళ్లినవాడు గుడి మెట్లపైనుండి నది కనిపించుననుకొనుట పొరపాటు. కట్ట ఎక్కినగాని తుంగభద్ర కానరాదు. 713లో ప్రాకారబంధము, 20వ శతాబ్దిలో మట్టికట్ట. రాజోలిని, కర్నూలును ముంచివేసిన 2009 అక్టోబరు వరదను తలచుకొన్నచో, ఈ ఊరివారికి కట్టతో గల సంబంధము అర్థమగును.

కట్ట రక్షింపలేని ఆలయములను ఎత్తి తరలించిరి. ప్రతి రాతికిని సంఖ్యవేసి, పటములు గీసి, ఛాయాచిత్రములు తీసి, పైనుండి వరుసగా విప్పి, క్రొత్తచోట క్రింది నుండి అదే వరుసలో పేర్చుట దాని పద్ధతి. ఒక రాయి తారుమారైనచో పైవరుస కూర్చుండదు. ఈ విధముగా కృష్ణాతుంగభద్రా సంగమమున కూడవెల్లి వద్ద ఉండిన సంగమేశ్వరాలయము ఆలంపురము చేరినది. ఆ పని 1990 నాటికి ముగిసినది. పాపనాశి దేవాలయ సముదాయము కూడ నదిగట్టు విడిచి పైకి వచ్చినది. దిగువన మంచాలకట్ట మాధవస్వామి ఆలయమును కొల్లాపురమునకు తెచ్చిరి. జటప్రోలు మదనగోపాలుడును, సోమశిల సోమేశ్వరుడును ఇట్లే క్రొత్త నెలవులు చేరిరి. ఆవలిగట్టున సంగమేశ్వరపు రూపాల సంగమేశ్వరాలయము కర్నూలు చెంత జగన్నాథగట్టు ఎక్కినది. ఈ పనిని చేసిన స్థపతులను, పురావస్తుశాఖ వారిని ఎంత ప్రశంసించినను తక్కువే.

అయితే ఒక దినపు యాత్రలో ఇది ఎట్లు కనిపించుచున్నది? ప్రయాణికుడు ఉదయము కర్నూలునుండియో హైదరాబాదునుండియో బయలుదేరును. బీచుపల్లి వద్ద కృష్ణను, ఆంజనేయుని చూచి, ఆలంపురమున 2005లో తిరిగి వెలసిన జోగులాంబ ఆలయమును, బాలబ్రహ్మను దర్శించును. తక్కిన ఎనిమిది గుడులకు కలిపి అర్ధగంట. వేళ మిగిలినచో గద్వాల చేరి, సోమనాద్రి కోటలో కళాశాలను దాటిపోయి చెన్నకేశవుని చూచి, చీరెల అంగళ్లలో అంతకు రెట్టింపు సేపు గడపును. సంగమేశ్వరాలయము ముందు బండి ఆగినను ఆగును, లేకున్నను లేదు. ఆగినపుడు చూపువాడు ఇది చాళుక్యుల గుడియనును. సంగమమేదని అడిగినవాడు లేడు. సంగమము లేనిచోట సంగమేశ్వరుడెట్లున్నాడను సందేహమే కలుగనిచో ఆ దర్శనమునకు అర్థమేమి? ఈజిప్టులో 1964, 1968 సంవత్సరముల నడుమ నైలునదీ జలాశయమునుండి పైకెత్తిన అబూసింబెల్ ఆలయమునకు పోవువారు రామ్సేసు కథతోపాటు ఆ తరలింపు కథను కూడ వినివత్తురు. మన నాగార్జునకొండలోను ఈ స్పృహ కొంత కలదు. ఆలంపురమున, కొల్లాపురమున లేదు. సంగమేశ్వరుని చుట్టునున్న భూమిని చూచి ఆలయ స్థలనిర్ణయమును గూర్చి వ్రాయబూను పరిశోధక విద్యార్థి కూడ ఇట్లే మోసపోవును.

సోమశిల తీరు వేరు. కొల్లాపురమునకు చేరువనున్న ఈ రేవున జలాశయము కొండల నడుమ సముద్రమువలె పరచుకొని యుండును. నీరు నిండిన నెలలలో ఇచటినుండి శ్రీశైలమునకు పర్యాటకశాఖవారి లాంచీ నడచును. ప్రకృతి శోభ వర్ణనాతీతమే. కాని లాంచీ క్రింద ఏమున్నదో కూడ తెలియవలెను. ఇరుగట్టులను కలిపి నూరు గ్రామములవరకు ఈ నీటిలో మునిగినవి. రాతికి సంఖ్యవేసినట్లు ఇండ్లకు, పొలములకు, వీధులకు ఎవరును వేయలేదు. నిర్వాసిత కుటుంబములకు ఉద్యోగములిత్తుమన్న 1986 నాటి 98వ సంఖ్య ప్రభుత్వోత్తరువు పేరు ఈ సీమలో చిన్నపిల్లలకు కూడ తెలియును. దాని అమలుకై తరములుగా తిరుగుటయే అందుకు కారణము. వంతెన లేని ఆ నీటిని దాటుట ఇరుగట్టుల బంధువులకు విహారము కాదు, అవసరము. 2007 జనవరిలో ఈ ప్రాంతమున కృష్ణ దాటుచున్న పడవ మునిగి అరువదిమంది వరకు మరణించిరి. చూపువాడు ఈ మాట చెప్పినచో విహారమునకు వచ్చినవారి ఉల్లాసము తగ్గునని కొందరందురు. తగ్గనిండు.

నా సూచన సులభసాధ్యమైనది. ఆలంపురమునకు కేంద్రప్రభుత్వపు ప్రసాద్ పథకమున వసతులు పెరిగినవి. చూపువారికి శిక్షణ కూడ అవసరము. తరలిన ప్రతి ఆలయము ముందును అది మొదట నిలిచిన ఊరు, గట్టు, దిక్కు, తరలిన సంవత్సరము తెలుపు ఫలకము తెలుగున నిలుపవలెను. ఆ దిక్కును శ్రీశైలమునుండి లెక్కించినను సరియే. పురోహితుడు అట్లే చెప్పెడివాడు. మునిగిన గ్రామములవారిలో పాత గుడిని కంటితో చూచినవారు ఇంకను ఉన్నారు. గద్వాల, వనపర్తి, కొల్లాపురములలోని కళాశాలల తెలుగుశాఖలు వారివలన గట్టుల పేర్లు, రేవుల పేర్లు, తిరునాళ్ల వరుసలు సేకరించుట మొదలుపెట్టవచ్చును. వనపర్తి సంస్థానపు రాజభవనమే నేడు పాలిటెక్నిక్ కళాశాలయైనది. అచటి విద్యార్థులు పాత, క్రొత్త స్థలములను చూపు పటమొకటి గీయుట వారి విద్యకును తగినదే.

విద్యార్థులను తీసికొనిపోవు అధ్యాపకులు ఋతువును కూడ గమనింపవలెను. శిల్పము చూచుటకు శీతకాలము మేలు. కాని వేసవిలో జలాశయము తగ్గినపుడు, వీరాస్వామయ్య దాటిన నివృత్తిసంగమము వద్ద సంగమేశ్వరుని గుడి నీటినుండి బయటపడును. పూజారులు బురద కడిగి దీపము పెట్టుదురు; సోమశిలవైపునుండి జనులు పడవలలో వత్తురు. తొలకరి వరద రాగానే గర్భగుడిలోనికి నీరు చేరును. ఆ కొన్ని వారములే పాత నదీతీరమును కంటితో చూచుటకు వీలగు కాలము. ఆ సంవత్సరపు నీటిమట్టమును ముందుగా విచారించుకొని ప్రయాణమునకు నాడు నిశ్చయించుకొనవలెను.